ఎండకు తడబడే నడకను కొలిచే పెట్టె: తిరుపతి ప్రాజెక్టు డైరీ

ఇలాంటి పెట్టె ఇంకెవరైనా తయారు చేసుకోవాలనుకుంటే, మాకు దండగైన డబ్బు వాళ్లకు దండగ కాకూడదని ఇది రాస్తున్నాను. పెట్టె అంటే పెద్ద యంత్రమేమీ కాదు, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పట్టే సామాను. నడక కొలవడానికి టేపు, స్టాప్‌వాచ్, చేతి పని కొలవడానికి తొమ్మిది చిల్లుల పలక, థర్మామీటరు, రాసుకునే షీటు, దాంతోపాటు ఒక చల్లటి కోటు.

నేను తిరుపతిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) మీద, అలాంటి ఇతర ఆటోఇమ్యూన్ జబ్బుల మీద, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటినే దెబ్బతీసే జబ్బుల మీద పరిశోధన చేస్తాను. మాతో ఒక ఫిజియోథెరపిస్టు, ఒక ఎలక్ట్రానిక్స్ కుర్రాడు ఉన్నారు. మేము తేల్చుకోవాలనుకున్నది ఒకటే. ఎం.ఎస్. ఉన్న మనిషికి మధ్యాహ్నం ఎండలో కాళ్లు బరువెక్కితే అది జబ్బు తిరగబెట్టడమా, లేక ఒంటి వేడి పెరిగి పాత దెబ్బ బయటపడటమా? దానికి కావాల్సిన అంకెలు ఇంట్లోనే రాసిపెట్టుకోగలమా?

ముందు తెలుసుకోవాల్సింది

ఎం.ఎస్.లో రోగనిరోధక కణాలు మెదడులోకి, వెన్నుపాములోకి చొరబడి నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తాయి. అలా కొత్తగా దెబ్బ పడితే దాన్ని రిలాప్స్ అంటారు. డాక్టర్లు రిలాప్స్ అని రాయాలంటే లక్షణం కనీసం 24 గంటలు ఉండాలి, జ్వరం గానీ ఇన్‌ఫెక్షన్ గానీ ఉండకూడదు. చాలాసార్లు 3 నుంచి 5 రోజులు రోజుకో గ్రాము చొప్పున మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కిస్తారు. ఇది తేలిక మందు కాదు, షుగర్ పెంచుతుంది, నిద్ర పోగొడుతుంది. ఊరికే ఎక్కించుకోవాల్సింది అసలు కాదు.

వేడి వల్ల వచ్చేది వేరు. మైలిన్ పోయిన చోట నరంలో సంకేతం అంతంతమాత్రంగా దాటుతుంటుంది. వేడి పెరిగితే నరంలోని సోడియం ద్వారాలు తొందరగా మూసుకుంటాయి, విద్యుత్ సంకేతం నిలిచే సమయం తగ్గుతుంది, పొర లేని ముక్కను దాటడానికి ఆ కాస్త బలం చాలదు, సంకేతం అక్కడే ఆగిపోతుంది. ఒంటి వేడి అర డిగ్రీ సెల్సియస్ పెరిగినా కొందరికి ఇది చాలు. చల్లబడగానే మళ్లీ దాటుతుంది. కొత్త దెబ్బ ఏమీ పడలేదు. జర్మన్ కంటి వైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లో ఒళ్లు శ్రమపడ్డాక చూపు మసకబారడం గమనించి రాశాడు, అందుకే దీన్ని ఊట్‌హాఫ్ లక్షణం అంటారు. ఎం.ఆర్.ఐ. స్కాన్లు రాకముందు వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి ఎం.ఎస్.ను కనిపెట్టే పరీక్ష కూడా ఉండేది. ప్రమాదమని తర్వాత మానేశారు.

కత్తిరి ఎండల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. పైగా మా దగ్గరికి వచ్చేవాళ్లు పీలేరు నుంచి, మదనపల్లె నుంచి, ఇంకా దూరం నుంచి బస్సుల్లో వచ్చి మధ్యాహ్నానికి ఓపీలో కూర్చుంటారు. మదనపల్లె ఎత్తు మీద ఉంది, చల్లగా ఉంటుంది. అక్కడినుంచి వచ్చిన ఒకామె, "ఇంటికాడ బాగానే నడస్తా సార్, ఈడ దిగేసరికి కాళ్లు నావి కావు" అంది. డాక్టరు చూసేది బస్సు దిగిన కాళ్లను. ఇంట్లో నడిచిన కాళ్లు కాగితం మీద ఎక్కడా లేవు. ఈ పెట్టె చేయాలనిపించింది అందుకే.

ఒక నియమం మొదటే పెట్టుకున్నాం: ఎవరినీ కావాలని వేడి చేయకూడదు. సామానంతా ముందు మా మీదే వాడి చూశాం. ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వక అంగీకారం, చూసే న్యూరాలజిస్టుకు సమాచారం, ఈ మూడూ అయ్యాకే జబ్బున్నవాళ్ల ఇళ్లకు తీసుకెళ్లాం.

దశ 1: నడక

ప్రపంచమంతా వాడే కొలత 25 అడుగుల నడక, అంటే 7.62 మీటర్లు. పడిపోకుండా ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా నడవాలి. రెండుసార్లు నడిపించి సగటు తీస్తారు. కర్ర వాడేవాళ్లు కర్రతోనే నడవాలి, కానీ ప్రతిసారీ అదే కర్రతో. 20 శాతం మారితే దాన్ని లెక్కలోకి తీసుకోదగ్గ మార్పుగా సాధారణంగా చూస్తారు.

సమయం కచ్చితంగా రావాలని మొదట రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ గేట్లు పెట్టాం. ఒక ఈఎస్‌పీ32 బోర్డు (చిన్న కంప్యూటర్ లాంటిది), రెండు ఎల్‌ఈడీలు, రెండు రిసీవర్లు. గదిలో చక్కగా పనిచేసింది. వరండాలోకి తెచ్చేసరికి ఎండలోని ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్‌ను ముంచేసింది, మనిషి దాటినా బోర్డుకు తెలియలేదు. 38 కిలోహెర్ట్జ్ మాడ్యులేషన్‌తో, అంటే కిరణాన్ని సెకనుకు 38 వేలసార్లు ఆర్పి వెలిగిస్తూ, టీవీ రిమోట్ రిసీవర్లకు మార్చాం. అవి కాసేపు పనిచేసి మొండికేశాయి. ఆ రిసీవర్లు రిమోట్ పంపే చిన్న చిన్న తునకల కోసం తయారైనవి, ఆగకుండా వచ్చే సంకేతాన్ని గోల అనుకుని అణచేస్తాయి. తునకలు తునకలుగా పంపితే ఆ చిక్కు తీరింది. ఆ వెంటనే ఇంకోటి వచ్చింది. కిరణం నడుము ఎత్తులో ఉంటే ఊగే చెయ్యి ముందు తగులుతుంది, మోకాలి ఎత్తులో ఉంటే కర్ర ముందు తగులుతుంది. కర్ర వాడేవాళ్ల సమయం అర సెకను దాకా తక్కువ చూపించింది.

ఇక్కడ ఆగి లెక్క వేశాం. స్టాప్‌వాచ్ నొక్కే మనిషి చేతిలో తేడా సుమారు 0.2 సెకన్లు. మేము కొలిచే నడకలు 6 నుంచి 15 సెకన్ల మధ్య ఉన్నాయి. మాకు కనపడాల్సిన మార్పు 20 శాతం, అంటే సెకనుకు పైమాటే. స్టాప్‌వాచ్ సరిపోతుంది. గేట్లు పీకేశాం. ఇంత చిన్న పనికి ఎలక్ట్రానిక్స్ పెడితే ఇంట్లో ఉన్న అమ్మో తమ్ముడో వాడలేరు, ఇక పెట్టె ఎందుకు?

స్థలం ఇంకో సమస్య. కొర్లగుంట, బైరాగిపట్టెడ ఇళ్లలో 25 అడుగుల హాలు దొరకదు. మిద్దె మీద దొరుకుతుంది, కానీ మధ్యాహ్నం మిద్దె మీద నడిపిస్తే మేము పెట్టుకున్న నియమమే పోతుంది. 12 అడుగులు పోయి తిరిగి రావడం ప్రయత్నించాం. మలుపు దగ్గర తూలడం వల్ల సమయం పెరిగిపోతోంది, అది నడక వేగం కాదు, బ్యాలెన్స్. చివరికి కుదిరింది ఇదీ:

1. ఇంటి ముందు నీడ పడే నడవ, లేదా అపార్టుమెంటు కారిడార్.
2. 7.62 మీటర్లు టేపుతో కొలిచి నేలకు రంగు టేపు అంటించాలి. గీత తర్వాత ఇంకో మీటరన్నా ఖాళీ ఉండాలి, లేకపోతే గోడ చూసి ముందే నెమ్మదిస్తారు.
3. చెప్పులు వేసుకుంటారా లేదా అన్నది మొదటిరోజే నిర్ణయించి రాసుకోవాలి. హవాయి చెప్పులు వద్దు, కాలు ఈడ్చేవాళ్లకు జారిపోతాయి.
4. పక్కన ఒకరు చెయ్యి అందేంత దూరంలో నడవాలి, కానీ పట్టుకోకూడదు.
5. అడుగు లేవగానే నొక్కాలి, ముందు కాలు గీత దాటగానే ఆపాలి.

ఖర్చు: టేపు 220, స్టాప్‌వాచ్ 280, నేల టేపు 60. పక్కన పెట్టేసిన గేట్లు 840.
ఇప్పటిదాకా మొత్తం: 1,400 రూపాయలు.

దశ 2: చేతులు

చేతికి తొమ్మిది చిల్లుల పరీక్ష. తొమ్మిది పుల్లలు ఒక్కొక్కటిగా తీసి చిల్లుల్లో పెట్టి, మళ్లీ ఒక్కొక్కటిగా తీసి గిన్నెలో వేయాలి. రెండు చేతులకూ రెండేసి సార్లు, వాటమైన చెయ్యి ముందు. పుల్ల మందం 6.4 మిల్లీమీటర్లు, పొడవు 32. చిల్లు వెడల్పు 7.1, లోతు 13, చిల్లుకూ చిల్లుకూ మధ్య 32.

మొదటి పలక ఒక ఆచారి చేత చెక్కతో చేయించాం. పని చాలా నీటుగా ఉంది. ఎండాకాలంలో బాగానే ఉండి, అక్టోబరు ముసురు పట్టేసరికి చెక్క ఉబ్బి చిల్లు 6.7కి దిగింది. పుల్ల బిగుసుకుంటే సమయం పెరుగుతుంది, మనం మాత్రం చెయ్యి పాడైందనుకుంటాం. వానాకాలంలో రోగుల చేతులన్నీ ఒకేసారి నెమ్మదించినట్టు షీట్లు చూపించడంతో అనుమానం వచ్చి వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పెట్టి చూశాం.

పలకను 15 మిల్లీమీటర్ల అక్రిలిక్‌కు మార్చాం, నేమ్‌ప్లేట్లు కోసే షాపులో చేసిచ్చారు. 7 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం వేసి గరుకు కాగితంతో కొంచెం రుద్దితే 7.1 వస్తుంది. పుల్లలు మాత్రం చెక్కవే ఉంచాం, శ్రీకాళహస్తి దారిలోని మాధవమాల నుంచి తెప్పించాం. చెక్క బొమ్మలకు పేరున్న ఊరది. పుల్లలు ఉబ్బకుండా వార్నిష్ వేశాం. మరీ నునుపైతే తిమ్మిరి ఉన్న వేళ్లలోంచి జారిపోతాయని రెండో పూత వేయలేదు.

ఇంకో విషయం: ఈ పరీక్షలో సాధన వల్లే వేగం పెరుగుతుంది. మొదటి కొన్నిసార్ల సమయాలు ఎవరివైనా తగ్గుతూ వస్తాయి, ఆరోగ్యవంతులకు కూడా. అవి సాధన కింద వేరే రాసుకుని, సమయం నిలకడగా వచ్చాకే అసలు లెక్క మొదలుపెట్టండి. లేకపోతే కోటు వేసుకున్నందుకే చెయ్యి బాగైందని నమ్మేస్తారు.

ఖర్చు: అక్రిలిక్ పలక 420, పుల్లలు 180, పక్కన పెట్టిన చెక్క పలక 350.
ఇప్పటిదాకా మొత్తం: 2,350 రూపాయలు.

దశ 3: వేడిని కొలవడం

అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి దీనితోనే. మేము వెతికేది అర డిగ్రీ. చవకగా దొరికే డీఎస్18బీ20 అనే వేడి కొలిచే సెన్సర్‌కు కంపెనీ చెప్పే ఖచ్చితత్వమే అర డిగ్రీ అటూ ఇటూ. మూడు సెన్సర్లు కొని నలిపిన ఐసులో కొంచెం నీళ్లు కలిపి, కలియబెడుతూ ముంచాం. మూడూ సున్నా చూపించాలి. ఒకటి 0.4, ఒకటి మైనస్ 0.3, ఒకటి 0.9 చూపించాయి. మూడోది నకిలీ చిప్ అయ్యుంటుంది, బజారులో అవి చాలా ఉన్నాయి. మిగతా రెంటికీ తేడాను కోడ్‌లోనే సరిచేశాం. వీటిని ఒంటికి వాడలేదు, కోటు లోపలి పొర వేడి చూడటానికి మాత్రమే. బోర్డు పాత గేట్లదే.

ఒంటి వేడికి మొదట నోట్లో పెట్టే డిజిటల్ థర్మామీటరు వాడాం. ఎండలోంచి ఇంట్లోకి వచ్చిన మనిషి మొట్టమొదట చేసేది చెంబుడు నీళ్లో మజ్జిగో తాగడం. ఆ వెంటనే పెడితే ఒక ఫారెన్‌హీట్ డిగ్రీకి పైగా తక్కువ చూపిస్తుంది. పావుగంట తాగకుండా ఆగమని ఎండన పడి వచ్చినవాళ్లకు చెప్పడం తప్పు, మేము చెప్పలేదు. నుదుటికి గురిపెట్టే గన్ ప్రయత్నిస్తే చెమట ఆరేటప్పుడు చర్మం చల్లబడి అది ఇంకా తక్కువ చూపించింది. గన్ మాదే, వేరే కొనలేదు.

చివరికి చెవి థర్మామీటరు. దానికీ షరతులున్నాయి. రేకుల ఇంట్లో ఒకసారి తెర మీద ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. బాగుచేయించాలేమో అనుకుని థర్మామీటరుతో వచ్చిన కాగితం చదివితే గది 40 డిగ్రీలు దాటితే పనిచేయదని రాసుంది. ఆ ఇంట్లో 41.5 ఉంది. అదే గదిలో ఒక మనిషి మధ్యాహ్నమంతా పడుకుని ఉంటోంది. ఆ అంకె షీటులో ఎర్ర పెన్నుతో రాశాం, ఆరోజు మిగతా పరీక్షలేమీ చేయకుండా ఆమెను పక్కింటి కింది గదిలోకి మార్చడమే పని అయింది.

చెవి వేడి చూసే పద్ధతి:

1. థర్మామీటరు ఆ గదిలో అరగంట ఉండాలి.
2. ఎప్పుడూ ఒకే చెవి. ఫోను ఆనించిన చెవి, దిండుకు ఆనిన చెవి పనికిరాదు.
3. ఎండలోంచి వస్తే నీడలో కాసేపు కూర్చున్నాకే.
4. రెండుసార్లు చూసి ఎక్కువది రాయాలి.
5. ఇళ్లలో అందరికీ ఫారెన్‌హీట్ అలవాటు, కాబట్టి ఒంటి వేడి ఫారెన్‌హీట్‌లో, గది వేడి సెల్సియస్‌లో. అర డిగ్రీ సెల్సియస్ అంటే 0.9 ఫారెన్‌హీట్ అని షీటు పైనే అచ్చేశాం.

గది వేడితో పాటు గాలిలో తేమ కూడా రాయాలి. ఎందుకో తర్వాతి దశలో వస్తుంది.

ఖర్చు: సెన్సర్లు 360, చెవి థర్మామీటరు 1,450, గది వేడి-తేమ మీటరు 400.
ఇప్పటిదాకా మొత్తం: 4,560 రూపాయలు.

దశ 4: చల్లటి కోటు

విదేశాల్లో ఎం.ఎస్. ఉన్నవాళ్లకు చల్లటి కోట్లు అమ్ముతారు. తెప్పించుకోవాలంటే మన దగ్గర చాలామందికి అందే ధర కాదు. కుట్టించుకోగలమా అన్నది చూశాం.

తడిబట్ట: పుత్తూరు మరమగ్గాల నూలు గుడ్డ రెండు పొరలుగా కుట్టించి తడిపి వేసుకోవడం. నీరు ఆవిరవుతూ లీటరుకు సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి లాగుతుంది, ఐసు కరిగితే కిలోకు 334 మాత్రమే. కాగితం మీద తడిబట్టకు పోటీ లేదు. మే నెలలో గది 41, తేమ 22 శాతం ఉన్న మధ్యాహ్నం ఫ్యాను కింద బట్ట 26 డిగ్రీలకు దిగింది. ఖర్చు దాదాపు లేదు. అక్టోబరులో గది 31, తేమ 80 ఉన్నరోజు అదే బట్ట 30 దగ్గరే నిలిచిపోయింది, తడి మాత్రం ఒంటికి అంటుకుంది. కాబట్టి మా ఊళ్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా తడి తువ్వాలు, ఫ్యాను ఉంటే చాలామందికి ఇంకేమీ కొనక్కర్లేదు. ఇది గట్టిగా చెబుతున్నాను. డబ్బు పెట్టకముందు తడి తువ్వాలు చూడండి.

కొబ్బరినూనె: ఇది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కరుగుతుంది. కరుగుతున్నంతసేపూ ఆ వేడి దగ్గరే ఉంటుంది, చర్మానికి హాని లేదు, అందరి ఇళ్లలో ఉండేదే. అందుకే దీని మీద చాలా ఆశ పెట్టుకున్నాం. కానీ కరిగేటప్పుడు అది లాగే వేడి ఐసుతో పోలిస్తే మూడోవంతే. 1.2 కిలోల ఐసు చేసే పనికి దగ్గర దగ్గర 4 కిలోల నూనె కావాలి. ఎం.ఎస్.లో అలసటే పెద్ద లక్షణం, అలాంటి మనిషి భుజాల మీద 4 కిలోలు వేలాడదీయలేం. కిలోన్నరతో చూస్తే అరగంటకే కరిగిపోయింది, ఒక అతుకు ఊడి కోటంతా నూనె.

గ్లాబర్ లవణం, అంటే సోడియం సల్ఫేట్ డెకాహైడ్రేట్: 32.4 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నూనె కంటే రెట్టింపుకు పైగా వేడి లాగుతుంది. కానీ చర్మం వేడి 33 నుంచి 35 మధ్యే కదా, తేడా అంత తక్కువైతే వేడి నెమ్మదిగా కదులుతుంది. పైగా కొన్నిసార్లు కరిగించి గడ్డకట్టించేసరికి ఉప్పు సంచి అడుగున పేరుకుపోయి మళ్లీ కలవలేదు. బోరాక్స్ కలిపితే గడ్డకట్టడం సులువైంది గానీ అడుగున పేరుకోవడం ఆగలేదు. ఇది ల్యాబులో బాగుంటుంది, ఇంటికి పనికిరాదు.

చివరికి ఐసే. 150 గ్రాముల నీళ్లు పట్టే సంచులు 8, మొత్తం 1.2 కిలోలు. అవి కరిగితే సుమారు 400 కిలోజౌళ్లు లాగుతాయి. 60 కిలోల మనిషి ఒళ్లు అర డిగ్రీ వేడెక్కడానికి పట్టేది 105 దగ్గర. ఐసు చల్లదనంలో చాలా భాగం బయటి గాలికే పోతుంది, అయినా చాలినంత మిగులుతుంది.

ఐసుతో ఉన్న ప్రమాదం చెప్పకుండా కొలతలు ఇవ్వను. ఎం.ఎస్. ఉన్న చాలామందికి చర్మం మీద కొన్నిచోట్ల స్పర్శ తెలియదు. ఐసు కాలుస్తున్నా వాళ్లకు తెలియదు. మొదటి కోటులో సంచికీ ఒంటికీ మధ్య ఒక్క పల్చటి పొరే ఉంది, లోపలి వేడి 4 డిగ్రీలు చూపించింది. అది మా మీదే చూశాం కాబట్టి సరిపోయింది. టర్కీ తువ్వాలు గుడ్డ రెండు పొరలు వేశాక 15 దగ్గర నిలిచింది. నీళ్లలో ఉప్పు కలిపి గడ్డకట్టిస్తే ఎక్కువసేపు చల్లగా ఉంటుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఉప్పునీటి ఐసు సున్నాకు ఎంతో కిందికి పోతుంది, చర్మం చచ్చిపోతుంది.

దర్జీ అన్న మాకు నేర్పింది ఒకటుంది. కోటు చేత్తో తూచి చూసి, "సార్, బరువంతా భుజాల మీద పెట్నారు, ఆడోళ్లు ఎంతసేపు మోస్తారు? నడుము బెల్టు మీదికి దించాల" అన్నాడు. పైనున్న నాలుగు జేబులు రెండు చేసి, మిగతావి నడుము చుట్టూ దించాడు. బరువు అంతే ఉన్నా వేసుకునే సమయం చాలా పెరిగింది. గుండీలు తీసేసి వెల్‌క్రో పెట్టమన్నది ఫిజియో, వేళ్లకు పట్టు లేనివాళ్లు గుండీ పెట్టుకోలేరు.

ఇప్పుడు వాడుతున్న కోటు:

1. బయట నూలు గుడ్డ, లోపల టర్కీ గుడ్డ రెండు పొరలు.
2. జేబులు 8: వీపు పైన 2, నడుము చుట్టూ 6. వెన్నెముక మీద నేరుగా జేబు వద్దు, కుర్చీలో ఆనుకుంటే నొక్కుకుంటుంది.
3. బయటికి వెళ్లేముందే, నీడలో ఉండగానే 30 నుంచి 40 నిమిషాలు వేసుకోవాలి. ఒళ్లు వేడెక్కాక చల్లార్చడం కష్టం.
4. ప్రతి 10 నిమిషాలకు ఇంకొకరు కోటు ఎత్తి చర్మం చూడాలి. తెల్లగా పాలిపోయినా, ఎర్రబడినా తీసేయాలి.
5. బస్సు ప్రయాణానికి రెండో జత సంచులు ఐసు డబ్బాలో.

ఖర్చు: గుడ్డ, కుట్టుకూలి 650, సంచులు 240, టర్కీ గుడ్డ 160, ఐసు డబ్బా 550. పక్కన పెట్టినవి: కొబ్బరినూనె 700, లవణం 300.
ఇప్పటిదాకా మొత్తం: 7,160 రూపాయలు. ఇందులో మీరు మళ్లీ చేసుకోవడానికి కావాల్సింది 4,610. సెన్సర్లు 360 మీ ఇష్టం, పక్కన పెట్టినవి 2,190.

దశ 5: పోలిక ఎలా చేయాలి

మొదట ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి తేడా అంతా ఎండదే అని రాశాం. అది నిలవదు. ఎండ లేకపోయినా సాయంత్రానికి అందరి ఒంటి వేడీ కాస్త పెరుగుతుంది, ఎం.ఎస్. అలసట కూడా రోజు గడిచేకొద్దీ పెరుగుతుంది. అందుకే ఒకే గంటకు, మధ్యాహ్నం 3కి, వేర్వేరు రోజుల్లో కొలవడానికి మార్చాం.

కోటు వేసుకున్నామన్న నమ్మకమే నడిపిస్తుందేమో అన్నది ఇంకో చిక్కు. 2003లో న్యూరాలజీ పత్రికలో వచ్చిన పరిశోధనలో 84 మంది ఎం.ఎస్. రోగులకు అదే చల్లటి దుస్తులను ఒకసారి బాగా చల్లగా, ఒకసారి కొద్దిగా చల్లగా ఇచ్చి పోల్చారు. బాగా చల్లగా ఉన్నప్పుడు నడకలోనూ చూపులోనూ కొద్దిపాటి మెరుగు కనిపించింది. ఆ దారినే మేమూ గడ్డకట్టించని కడవ నీళ్లు నింపిన సంచులతో, అదే బరువుతో, ఇంకో రోజు కొలిచాం.

ఒకామె అనుమతితో ఆమె అంకెలు: కోటు లేకుండా చెవి వేడి 99.3, నడక 9.8 సెకన్లు. కడవ నీళ్ల సంచులతో 99.1, 9.4. ఐసు సంచులతో 98.7, 8.1. తేడా 17 శాతం, 20 దాటలేదు, కాబట్టి షీటులో మార్పు అని రాయలేదు. ఆమె మాత్రం వంటింట్లోంచి హాల్లోకి గోడ పట్టుకోకుండా వచ్చానని చెప్పింది, అది పక్కన ఆమె మాటల్లోనే రాశాం. ఇంకొకాయనకు చల్లదనంతో కాళ్లు బిగుసుకున్నాయి, నడక ఇంకా నెమ్మదించింది. బిగుతు ఉన్న కొందరికి చలి పడదు. ఆయనకు కోటు ఆపేశాం, షీటు మాత్రం ఇచ్చాం.

దశ 6: షీటు

కోటు కంటే ఎక్కువ పనికొచ్చింది ఈ కాగితమే. పై వరసలో తేదీ, గంట, గది వేడి, తేమ, చెవి వేడి, నడక, కుడిచెయ్యి, ఎడమచెయ్యి. దాని కింద ఈ మెట్లు:

1. కాళ్లు బరువెక్కాయా? ముందు ఒంటి వేడి చూడు.
2. 100 ఫారెన్‌హీట్ దాటితే అది ఎండ కాదేమో, జ్వరం కావచ్చు. మూత్రంలో మంట, దగ్గు ఉన్నాయా చూసుకుని డాక్టరుకు చెప్పు. ఎం.ఎస్.లో మూత్ర ఇన్‌ఫెక్షన్ మంట లేకుండా కూడా వస్తుంది.
3. జ్వరం లేకపోతే నీడ, నీళ్లు, తడి తువ్వాలు, ఫ్యాను. రెండు గంటల తర్వాత మళ్లీ నడక కొలువు.
4. తగ్గితే రాసిపెట్టు, తర్వాతి ఓపీకి తీసుకుపో.
5. తగ్గకపోతే, మరుసటిరోజు ఉదయానికి కూడా అలాగే ఉంటే, ఫోను చెయ్యి. కొత్త లక్షణమైతే, చూపు పోతే, మూత్రం ఆగిపోతే, నడవలేకపోతే 24 గంటలు ఆగొద్దు.

ఒక ఇంట్లో రెండో మెట్టు దగ్గరే ఆగింది. చెవి వేడి 101. ఇంట్లోవాళ్లు ఎండ దెబ్బ అనుకున్నారు, పరీక్ష చేస్తే మూత్ర ఇన్‌ఫెక్షన్. మందు వాడగానే నడక మునుపటి అంకెకు వచ్చింది. ఇంకొకరి షీటులో జ్వరం లేదు, వాతావరణం చల్లబడింది, నడక మాత్రం రెండోరోజూ వెనక్కి రాలేదు. న్యూరాలజిస్టు వెంటనే పిలిపించారు, స్కాన్‌లో కొత్త మచ్చ కనిపించింది. ఎండే కదా అని వదిలేయకుండా ఉండటం కూడా ఈ షీటు పనే.

షీటు వెనక అందరూ అడిగేవాటికి జవాబులు రాశాం. ఇది అంటుకోదు. ఎవరి శాపమూ కాదు. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కు దీనికి గట్టి సంబంధం ఉందని 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు చూస్తే ఆ వైరస్ సోకాక ఎం.ఎస్. వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. కానీ ఆ వైరస్ దాదాపు అందరికీ జీవితంలో ఎప్పుడో సోకుతుంది, వాళ్లలో చాలా కొద్దిమందికే ఈ జబ్బు వస్తుంది, కాబట్టి అదొక్కటే కారణం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది, సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ చివరి వాక్యం చదివి చాలామంది ఇంకో కాపీ అడిగి తీసుకెళ్లారు.

మిగిలిన పని

కరెంటు పోతే ఐసు ఉండదు, సరిగ్గా ఆ పూటే అది కావాలి. అలాంటి ఇళ్లకు సోడా షాపు ఐసు నలిపి సంచుల్లో నింపే పద్ధతి చూస్తున్నాం. నలిపిన ఐసు త్వరగా కరుగుతోంది, సమయం ఇంకా కొలవాలి. తేమ 70 దాటిన రోజుల్లో తడిబట్ట ఎంతవరకు పనికొస్తుందో ఈశాన్య రుతుపవనాలు వచ్చాక మళ్లీ చూడాలి. షీటు కొత్త కూర్పులో "నిన్న రాత్రి నిద్ర ఎన్ని గంటలు" అన్న గడి చేర్చాం, నిద్ర లేని మరుసటిరోజు నడక ఎండ లేకపోయినా నెమ్మదిస్తోందని రెండిళ్లవాళ్లు వాళ్లంతట వాళ్లే పక్కన రాసి పంపారు. ఆ గడి నిండిన షీట్లు వచ్చాక తర్వాతి ఎంట్రీ.